ఈశాన్యంలో బాటిల్ పామ్

మా వీధి నాగభూషణరావు ఇంట్లో మొగుడూ పెళ్లాల మధ్య గోడ లేచిందని బందరంతా చెప్పుకుంటున్నారు. గోడ లేచిన మాట నిజం. అయితే వాళ్లిద్దరూ గోడకు ఒకే పక్కన ఉన్నారు. అవతల ఉన్నది చెట్టు.

నాగభూషణరావు ఆర్టీసీ కండక్టరుగా చేసి తొంభై ఆరులో రిటైరయ్యాడు. ఆ ఏడే కడియం నర్సరీకి వెళ్లి బాటిల్ పామ్ మొక్క తెచ్చాడు. గుడివాడ మీదుగా వచ్చే బస్సులో పక్క సీట్లో కూర్చోబెట్టి, దానికీ టికెట్ తీశాడట. మనకు తాడి తెలుసు, కొబ్బరి తెలుసు, ఈత తెలుసు. ఇదేమిటో వీధిలో ఎవరికీ తెలియదు. నేను రోజూ వెళ్లి చూసేదాన్ని. కాయ లేదు, కల్లు లేదు. నెత్తిన నాలుగు మట్టలు, కింద ఏటికేడూ సీసాలా లావెక్కే మొదలు. "దీనికి నెలలు నిండుతున్నట్టున్నాయే" అంటే ఆయన నవ్వి, ఆ పొట్టను తువ్వాలుతో తుడిచేవాడు.

నిరుడు వానల్లో ఆయన భార్య ఝాన్సీలక్ష్మి పెరట్లో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. వాస్తు చూసే ఆయన వచ్చి, ఈశాన్యంలో అంత బరువైన చెట్టు పనికిరాదు, తీసేయమన్నాడు. అప్పటి నుంచీ ఆవిడకు కంటిమీద కునుకు లేదు. పోనీ తవ్వి వేరేచోట నాటుదామంటే, ఇంత ఎదిగాక కదిపితే బతకదని నర్సరీవాళ్లు చెప్పారట. "ఆ చెట్టుండాలో నేనుండాలో తేల్చండి" అని ఝాన్సీ అనడం నా చెవులతో నేనే విన్నాను.

గొడ్డలి వస్తుందనుకున్నాం. తాపీమేస్త్రీ వచ్చాడు. చెట్టున్న మూల ఒక్కటే వదిలి గోడ కడితే ఈశాన్యం తెగిపోతుందని వాస్తాయన మళ్లీ అడ్డుపడ్డాడు. దాంతో నాగభూషణరావు తూర్పు ప్రహరీ మొత్తం పడగొట్టించి, మూడడుగులు లోపలికి జరిపి కట్టించాడు. అంత జాగా నిలువునా వీధిపాలు.

ఝాన్సీ ఇప్పుడు హాయిగా నిద్రపోతోంది. ఆయన మాత్రం పొద్దున్నే గేటు తీసుకుని బయటికి వచ్చి, మేకలు ముట్టకుండా చెట్టు చుట్టూ పెట్టిన ముళ్లకంప సర్ది, బిందెతో మంచినీళ్లు పోస్తున్నాడు. ఝాన్సీని అడిగితే, అది మాది కాదు వదినగారూ అని లోపలికి వెళ్లిపోయింది.

ఉండబట్టలేక మొన్న ఆయన్నే ఆపాను.

"ఏం తమ్ముడూ, మీ ఆవిడేమో మాది కాదంటుంది. ఇంతకీ ఈ చెట్టు ఎవరిది?"

ఆయన బిందె దించి, ఇంటివైపు ఓసారి చూసి, గొంతు తగ్గించాడు.

"మా ఇంటిది కాదక్కగారూ. నాది."