గిటారు మీద రెండో దెబ్బ

పిస్కాటవే దగ్గర ఒక అమెరికన్ మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసే విజయశ్రీ, 1984 వసంతంలో ఒక మధ్యాహ్నం, తోటి ఉద్యోగిని డెనీస్ గిటారు వాయిస్తుంటే వంగి కుర్చీ కింద చూసింది. డ్రమ్ము ఎక్కడ దాచారో తెలియలేదు. డ్రమ్మేమీ లేదు. డెనీస్ వేళ్లతో తీగలు మీటుతూనే, మధ్యమధ్య బొటనవేలి అంచుతో వాటిని చటుక్కున కొట్టి నోరు మూయిస్తోంది. ఆ "టక్" అనే చప్పుడే తాళం.

విజయశ్రీ చిన్నప్పుడు తెనాలిలో ఎనిమిదేళ్లు వీణ నేర్చుకుంది. చిటికెన వేలితో పక్క తీగలు మీటి తాళం వేయడం తెలుసు; మోగుతున్న తీగను కొట్టి ఆపడం ఎరగదు. అదేమిటో చేసి చూడాలనిపించింది.

ఇంట్లో అవసరమూ వచ్చిపడింది. తెలుగు సంఘం కార్యక్రమంలో పద్నాలుగేళ్ల కూతురు ఉషా ఇంగ్లీషు పాప్ పాట పాడతానంది. పాడవచ్చుగానీ క్యాసెట్ పెట్టి పాడితే ఒప్పుకోం, పక్కన ఎవరైనా వాయించాలి అన్నారు కార్యదర్శి భాస్కర్.

"నా ఫ్రెండ్స్ ఎవరూ ప్లే చేయరంట. నేను డ్రాప్ చేసేస్తా," అంది ఉషా.

"ఆగవే. మూడు వారాలుంది కదా, నేను వాయిస్తా!"

డెనీస్ తన గిటారు ఇచ్చి, దెబ్బ ఎలా వేయాలో చూపించింది. విజయశ్రీ దాన్ని ఒళ్లో పెట్టుకుని ముందు కళ్లకద్దుకుంది.

"కొట్టే ముందు సారీ చెప్తున్నావా అమ్మా?"

"ముందే చెప్పేస్తే తర్వాత కోప్పడదని."

నాలుగు రోజులకు దెబ్బ పలికింది. కానీ ప్రతిసారీ నాలుగు లెక్కల్లో మొదటిదాని మీదే పడేది.

"వన్ మీద కాదమ్మా! టూ మీద, ఫోర్ మీద!"

"తాళం ఎత్తుకునే సమం ఒకటి దగ్గరే కదే. అక్కడ వదిలేస్తే పాట ఎక్కడ నిలబడుతుంది?"

"నిలబడక్కర్లేదు. అది డాన్స్ చేయాలి!"

ఆ మాట విజయశ్రీకి నచ్చింది. బీన్స్ తరుగుతూ ఒకటిని మనసులోనే అనుకుని, రెండుకి కత్తి వేసేది. ఎర్రదీపం దగ్గర కారు ఆగితే స్టీరింగ్ మీద అదే పని. ఒకటిని ఖాళీగా వదిలేస్తే పాదం తనంతట తానే అక్కడ పడుతోందని ఒకరోజు కనిపెట్టి, వంటింట్లో నిలబడి నవ్వుకుంది.

కార్యక్రమం రోజు మొదటి చరణం చక్కగా సాగింది. రెండో చరణంలో హాలంతా ముచ్చటపడి చప్పట్లు అందుకుంది. అందరూ ఒకటి మీదే! ఎనిమిదేళ్ల అలవాటు విజయశ్రీ చేతిని అటు లాగేసింది. దెబ్బ తప్పింది. ఉషా మాట మింగి, బెదురుగా వెనక్కి చూసింది.

విజయశ్రీ కొట్టడం ఆపి, మీటుతూ మాత్రమే ఉంది. ఉషా మడమ లేచి పడుతోంది: రెండుకి, నాలుగుకి. ఆ మడమనే చూస్తూ విజయశ్రీ గట్టిగా ఒక దెబ్బ వేసింది. హాలు "ఠప్" అంది, గిటారు "టక్" అంది. ఠప్, టక్. తను ఖాళీగా వదిలిన చోటే వాళ్లు నింపుతున్నారు! ఉషా గొంతు మళ్లీ లేచింది. పాట చివరిదాకా పడిపోలేదు.

కార్ల దగ్గర భాస్కర్ ఎదురయ్యారు.

"అమ్మా, మేమింతమందిమి తాళం వేస్తుంటే మీరొక్కరూ తప్పారేం?"

"మీరు వేయబట్టే నాది నిలిచిందండీ. ఏదీ, ఒక్కసారి రెండోదానికి కొట్టండి."

ఉషా పల్లవి అందుకుంది. ఆయన కోటు భుజాన వేసుకుని కొట్టారు. ఒకటి మీద పడింది. మళ్లీ కొట్టారు. మళ్లీ ఒకటే. భార్య కారులోంచి హారన్ కొట్టింది.

"ఉండవే," అని, "ఇంకోసారి పాడమ్మా ఉషా," అన్నారు భాస్కర్.