చేపల మెషిన్ చూపించిన దారి

దయ్యాల కథలు దొరికితే వదలకుండా చదువుతాను కానీ ఒక్కదాన్నీ నమ్మింది లేదు. తమకు జరిగిందని ఎవరైనా చెబితే, పైకి ఏమీ అనకుండా మనసులో పది ప్రశ్నలు వేసుకునేదాన్ని. ఇది చదివేవారు కూడా వేసుకోవచ్చు. నాకు తోచినవన్నీ నేను ముందే వేసుకున్నాను.

మాది ఢిల్లీలో వసంత్ కుంజ్. నాన్న కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. కాకినాడ దగ్గర సముద్రం ఒడ్డున పుట్టి, ముప్ఫై ఏళ్లు ఢిల్లీ ఫైళ్ల మధ్య గడిపారు. తాతగారిది చేపల వేట. రిటైర్ అవడానికి రెండేళ్ల ముందు నాన్న గాలి నింపుకునే కయాక్ ఒకటి కొన్నారు. ఇద్దరు కూర్చునే చిన్న పడవ. ఊరవతల సోహ్నా దాటాక ఉన్న పెద్ద చెరువును గుత్తకు తీసుకున్నాయన నాన్నకు తెలుసు. ఆదివారాలు గాలం వేసుకోనిచ్చేవాడు.

నాకు మాటలు తక్కువ. ధౌలా కువాన్ కాలేజీలో చదివిన మూడేళ్లూ క్లాసులో ఒక్క ప్రశ్న అడగలేదు. నాన్నతో కూడా అంతే. కానీ ఆ ఏడాది చలి మొదలవుతుండగా నెల రోజులు మేమిద్దరం ఆపకుండా మాట్లాడుకున్నాం. కయాక్‌కి ఏ ఫిష్ ఫైండర్ కొనాలన్నదే విషయం. నీళ్లలోకి శబ్దం పంపి, అది తిరిగొచ్చేదాన్ని బట్టి లోతునూ చేపలనూ చిన్న తెర మీద చూపించే మెషిన్ అది.

రాత్రి భోజనాలయ్యాక నాన్న ఇంటర్నెట్‌లో చదివేవారు, నేను డైరీలో పెన్సిల్‌తో గళ్లు గీసి రాసేదాన్ని. ఎండలో తెర కనబడుతుందా, బ్యాటరీ ఎంత బరువు, తడిస్తే ఏమవుతుంది. చివరికి మూడు మిగిలాయి. ఒకటి మ్యాపులతో సహా అన్నీ ఉన్న పెద్దది. రెండోది మ్యాపు లేకపోయినా జీపీఎస్ ఉన్నది, పడవ వెళ్లిన దారిని గీతగా చూపిస్తుంది. మూడోది లోతూ చేపలూ తప్ప ఇంకేమీ చూపించదు.

"తండ్రీ కూతుళ్లు పార్లమెంటులో బిల్లు పెడుతున్నారా ఏంటి?" అనేది అమ్మ.

నా డైరీలో రెండోదాని కింద రెండు గీతలున్నాయి. నాన్నకు మాత్రం మూడోదే నచ్చింది. "చెరువులో దారేంటే? గాలిని బట్టి ఒడ్డు తెలీదా నాకు?" అన్నారు.

నెహ్రూ ప్లేస్‌లో ఒక షాపుకి వెళ్లాం. సేల్స్‌మన్‌కి మేము వింతగా కనిపించినట్టున్నాం. "అంకుల్‌జీ, మఛ్లీ చాహియే తో గాజీపూర్ మండీ జాయియే!" అని నవ్వాడు. చేపలు కావాలంటే చేపల మార్కెట్‌కే పొమ్మని. నాన్న అతనికంటే గట్టిగా నవ్వారు. రెండో మెషిన్ డెమో చూపించాడు. తెల్లటి తెర మీద సన్నటి నల్ల గీత, దాని మీద చిన్న బాణం గుర్తు. అదే తీసుకుందామని అనబోయాను. అతను నా వైపు తిరిగి "బోలియే దీదీ" అన్నాడు, చెప్పమని. అంతే, నోరు పెగల్లేదు. మూడోది కొనుక్కుని వచ్చాం.

డిసెంబరులో ఒక ఆదివారం వెళ్లాం. అంతకు ముందు నెలలోనే నాన్న ఫోన్ చెరువులో పడిపోయింది. అప్పటి నుంచి ఫోన్లు కారులో పెట్టి తాళం వేస్తున్నాం. మెషిన్ ముందు సీటు దగ్గర, నా ఎదురుగా బిగించి ఉండేది. నాన్న వెనక కూర్చుని తెడ్డు వేసేవారు, నా దగ్గరా ఒక తెడ్డు ఉండేది. నేను లోతు మీటర్లలో చదివితే ఆయన బారల్లోకి మార్చుకునేవారు.

"నాలుగు మీటర్లు."

"అంటే రెండు బారల పైచిలుకు. మీ తాతైతే తాడు వేసి చెప్పేసేవాడు, బ్యాటరీ అక్కర్లేకుండా."

బయల్దేరినప్పుడు పొగమంచు పలచగానే ఉంది. ఎడమ గట్టు వెంబడి వెళ్లి చెరువు మధ్యకు చేరాం. ఎండ వస్తే విడిపోతుందనుకున్న మంచు, తెల్లవారాక ఇంకా చిక్కబడింది. కాసేపటికి నా తెడ్డు చివర కూడా నాకు కనబడలేదు. గాలి లేదు, అల లేదు. నాన్నకు తెలిసిన సముద్రం గుర్తులేవీ ఆ చెరువులో లేవు. ఒకసారి అటు, ఒకసారి ఇటు తెడ్డు వేశారు. గట్టు రాలేదు.

నాన్నకు షుగర్ ఉంది. పొద్దున మాత్ర వేసుకున్నారు. పడవలో తిందామని అమ్మ చేసి ఇచ్చిన ఉప్మా డబ్బా కారులోనే ఉండిపోయింది. నేను వెనక్కి తిరిగి చూసేసరికి ఆ చలిలో ఆయన నుదురంతా చెమట. "నాన్నా" అని ఎన్నిసార్లు పిలిచినా "ఊఁ" అనడం తప్ప మాట రావడం లేదు. తెడ్డు ఒళ్లో పడి ఉంది. మాత్ర వేసుకుని తినకపోతే చక్కెర పడిపోయి ఏమవుతుందో అమ్మ నాకు చాలాసార్లు చెప్పింది.

జీవితంలో మొదటిసారి గొంతు చించుకుని అరిచాను.

మెషిన్ వైపు చూశాను. లోతు అంకె లేదు, చెరువు అడుగును చూపే గీత లేదు, చేపల గుర్తులు లేవు. తెల్లటి తెర. దాని మీద సన్నటి నల్ల గీత, దాని మొదట్లో చిన్న బాణం.

ఆలోచించే తీరిక లేదు. తెడ్డు వేశాను. బాణం కదిలింది. పడవ పక్కకు పోతే బాణం గీతను వదిలింది, సరిచేస్తే మళ్లీ గీత మీదికి వచ్చింది. చాలాసేపు అలా వేశాను. ఒకచోట ఆ గీత ఏ కారణమూ లేకుండా కుడికి వంగి, కొంత దూరం పోయి మళ్లీ తిన్నగా అయింది. నేనూ అలాగే వంగాను. తరవాత తుంగ తగిలింది. దాని వెనక మా కారు.

చెరువుకి కాపలా ఉండే చౌకీదార్ పరుగెత్తుకొచ్చి తన రొట్టెల మూటలోంచి బెల్లం ముక్క తీశాడు. "లో దీదీ, గుడ్ ఖిలావో, జల్దీ!" త్వరగా తినిపించమని. నాన్న బుగ్గలో పెట్టాను. కాసేపటికి చప్పరించడం మొదలుపెట్టారు. తరవాత ఉప్మా తిన్నారు. మొత్తం డబ్బా. "జీడిపప్పు తక్కువేసింది మీ అమ్మ" అన్నారు. అప్పుడు ఏడ్చాను.

మేము ఎటు నుంచి వచ్చామని చౌకీదార్ అడిగాడు. చెయ్యి చాపి చూపించాను. అతను నమ్మలేదు. ఆ వైపు నీళ్ల కింద ఒకప్పుడు చేపలు పెంచిన పాత వల పంజరం ఇనుప ఊచలు నిలబడి ఉన్నాయట. తిన్నగా వచ్చి ఉంటే మా గాలి పడవ చిరిగిపోయేదట. మేము వెళ్లింది ఎడమ గట్టు వెంబడి. తిరిగొచ్చిన వైపు ఊచలున్న సంగతి మాకు తెలియదు. కాబట్టి ఆ గీత మేము వెళ్లిన దారి కూడా కాదు.

అప్పటికి తెర మీద ఎప్పటిలాగే లోతు వచ్చేసింది. అర మీటరు.

ఆ మధ్యాహ్నమే డైరీలో ఆ గీతను గుర్తున్నంత వరకు గీసి పెట్టుకున్నాను. మాన్యువల్ మొదటి పేజీ నుంచి చివరి వరకు చదివాను. అలాంటి తెర గురించి ఎక్కడా లేదు. డెమో బొమ్మ ఏదైనా పొరపాటున వచ్చిందేమోనని, ఈసారి ఒక్కదాన్నే షాపుకి వెళ్లి నేనే అడిగాను. అతను మెనూ అంతా తిప్పి చూపించాడు. "దీదీ, ఇస్‌మే జీపీఎస్ హై హీ నహీఁ." అందులో ఆ భాగమే లేదు. భయంలో నా కళ్లు, అక్కడ లేని గీతను చూశాయనుకున్నా, ఊచల దగ్గర వంపు నా కళ్లకెలా తెలుస్తుంది?

మూడు రోజుల తరవాత నాన్నకు చెప్పాను. నవ్వలేదు.

"నాకు నీ వీపొక్కటే గుర్తుందమ్మా. ఆగకుండా తెడ్డు వేస్తూ ఉన్నావు."

"తాతగారేమో నాన్నా?"

"మీ తాతా! అంత తిన్నగా తీసుకొస్తాడా? దారిలో రెండుచోట్ల వల వేయించేవాడు."

తరవాత కూడా ఆ చెరువుకి చాలాసార్లు వెళ్లాం. మెషిన్‌లో లోతూ చేపలే కనిపించాయి. నాన్న పోయి ఇప్పటికి ఏడాది దాటింది. గుండెపోటు, ఇంట్లోనే. కయాక్‌ని చౌకీదార్‌కి ఇచ్చేశాం. మెషిన్ మాత్రం ఇవ్వలేకపోయాను.

ఆ పొద్దుకీ నాన్న పోయిన రోజుకీ మధ్య మూడు చలికాలాలున్నాయి. రిటైరయ్యాక ఆయన పగలంతా ఇంట్లోనే ఉండేవారు. నేను ఆఫీసు నుంచి రాగానే ఆ రోజు ఏం చదివారో చెప్పేవారు, నేనూ చెప్పేదాన్ని. ఒక్కోసారి అమ్మ లైటు ఆపేసేదాకా మాటలు సాగేవి. అంతకు ముందు ఇరవై మూడేళ్లలో మాట్లాడుకున్నదానికంటే ఆ మూడేళ్లలోనే ఎక్కువ మాట్లాడుకున్నాం.

ఆ గీత ఎవరు గీశారని అడిగితే నాకు తెలియదు. తెలిస్తే, ఆ మూడేళ్ల సంగతి వాళ్లకు చెప్పాలని ఉంది.