ఎండకు వచ్చే దొంగ

మాచర్ల రోడ్డు మీద నాపరాళ్ళు కోసే షెడ్ల పక్కన బస్సు ఆగినప్పుడు, అప్పుడే వెలిసిన వాన తడి మీద ఎండ పడి, రోడ్డువారన నిలబెట్టిన రాతి పలకల దొంతరల్లోంచి ఒక వాసన వచ్చింది. కొంచెం సున్నం, కొంచెం పాచి, కొంచెం చల్లారిన పొయ్యి కలిసినట్టుండే ఆ వాసన తడిసిన నాపరాయి వేడెక్కేటప్పుడు మాత్రమే వస్తుంది. నరసరావుపేటలో ముప్పై ఏళ్ళుగా కాపురం చేస్తున్న నేను, కిటికీ పక్క సీట్లో ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చున్నదాన్ని, ఒక్క క్షణంలో నకరికల్లు దగ్గర మా ఊళ్ళో, మా పెరటి వసారాలో, కుడికాలికి సిమెంటు కట్టుతో నులక మంచం మీద పడుకున్న పదేళ్ళ పిల్లనైపోయాను.

ఆ ఏడు శ్రావణ మాసం చివర్లో, జామచెట్టు చిటారు కొమ్మన చిలక సగం కొరికి వదిలిన కాయ కోసం చెయ్యి చాపి, కొమ్మతో సహా కిందపడ్డాను. నాయన నన్ను ఎద్దుల బండిలో గడ్డి పరిచి రోడ్డు దాకా, అక్కణ్ణించి బస్సులో నరసరావుపేట ఆస్పత్రికి తీసుకుపోయి కట్టు వేయించాడు. నలభై రోజులు కాలు కింద పెట్టకూడదనీ, ఎముక గట్టిగా అతకాలంటే రోజుకో గుడ్డు తినిపించమనీ డాక్టరు చెప్పాడు. దాంతో వినాయక చవితికి పత్రి కోసం వాగు గట్ల వెంట తిరగడాలు, పావడాలకు అంటుకున్న ఉత్తరేణి గింజల్ని ఒకరికొకరు ఏరుకోవడాలు అన్నీ నా స్నేహితురాళ్ళకే దక్కాయి. కుడుములూ ఉండ్రాళ్ళూ మంచం దగ్గరికి వచ్చాయి గానీ ఆటలు రాలేదు. అమ్మా నాయనా పొద్దున్నే మిరప నారు నాటించడానికి చేలోకి పోతే ఇంట్లో నాయనమ్మ, వసారాలో నేను, నా ఎదుట పెరడు మిగిలేవాళ్ళం.

మొదట్లో ఏడ్చాను. తర్వాత చూడటం మొదలుపెట్టాను. వానలు పలచబడి ఎండ తేటగా కాసే ఆ రోజుల్లో మా పెరడంత రద్దీ ప్రదేశం ఊళ్ళో ఇంకొకటి లేదు. తెల్లవారేసరికి సొర పందిరి గుంజల మధ్య సాలెగూళ్ళు మంచు చుక్కలతో బరువెక్కి వేలాడేవి. గుమ్మడి పువ్వులు విచ్చుకోగానే తేనెటీగలు లోపలికి దూరి పసుపు పూసుకుని బయటికొచ్చేవి. పొద్దెక్కేకొద్దీ తూనీగలు గుంపులు గుంపులుగా దిగి బట్టలు ఆరేసే తీగ మీద వరసగా వాలేవి. మెడ ఎర్రగా చేసుకున్న తొండ గోడ మీద నిలబడి ఎవరితోనో తగాదా పెట్టుకున్నట్టు తల ఆడించేది. కుట్టుపిట్ట ఒకటి నా దిండు చిరుగులోంచి దూది పీక్కుపోయి, నిమ్మచెట్టు పక్కనున్న వంగమొక్క ఆకులు రెండు కలిపి కుట్టుకుని గూడు పెట్టింది; నా తల కింద దూది దాని పిల్లలకు పరుపు అయిందని నేను వారం రోజులు గర్వపడ్డాను.

వీటన్నిటి పేర్లూ నాకు నేర్పింది మరియమ్మత్త. చర్చి వీధి నుంచి పొద్దున్నే వచ్చి, పెరడు చిమ్మి, గేదెల కింద పేడ తీసి, నాయనమ్మకు పనిలో చెయ్యందించి మధ్యాహ్నానికి పోయేది. మనిషి పొడవు, మాట తక్కువ. నా మంచం చివర నిలబడి చీపురుకట్ట చేత్తో దులుపుకుంటూ, "గమ్మునుండవే పాపా. నువ్వు కదలకపోతే నిన్ను కూడా చెట్టనుకుంటయ్. అన్నీ నీ కాడికే వస్తయ్," అని చెప్పేది. నన్ను ఎత్తి కూర్చోబెట్టడం, కట్టు లోపల దురద పుడితే సన్నటి పుల్లతో గీరడం, రోజూ నేను చూసినవన్నీ ఓపికగా వినడం ఆవిడే చేసేది. జెముడుకాకి కళ్ళు ఎర్రగా ఎందుకుంటాయో ఆవిడకు తెలుసు. కనీసం నాకలా నమ్మకంగా చెప్పింది.

అలాంటప్పుడు గుడ్లు మాయమవడం మొదలైంది.

మాకు మూడు నాటుకోడి పెట్టలుండేవి. అవి కట్టెల కొట్టంలో, గడ్డి వేసిన గంపలో గుడ్లు పెట్టేవి. నాయనమ్మ సాయంత్రం పోయి ఏరుకొచ్చేది. భాద్రపదం సగం గడిచేసరికి గంప ఖాళీగా ఉండసాగింది. కోడి పొద్దున కేరింతలు కొట్టి ఊరంతా చాటిన గుడ్డు సాయంత్రానికి ఉండేది కాదు. కుక్కో పిల్లో తిని ఉంటే పెంకులైనా దొరకాలి. పెంకు ముక్క కూడా లేదు. మనవరాలి ఎముక కోసం దాచిన గుడ్లు పోతున్నాయని నాయనమ్మ నాలుగైదు రోజులు కడుపులో పెట్టుకుని, ఒకరోజు పొద్దున పక్కింటి సుబ్బాయమ్మ పిన్నీ, నీళ్ళకొచ్చిన ఇంకో ఇద్దరూ ఉండగా పెరట్లోనే అనేసింది.

"జంతువైతే పెంకన్నా వదిలిద్దిగా మరియమ్మా. కొట్టంలోకి పొయ్యేది, వచ్చేది నువ్వొక్కదానివేగా."

మరియమ్మత్త చిమ్ముతున్నదల్లా ఆగింది. కొంగు విప్పి దులిపింది. నడుం దగ్గర రొండిలో దోపిన ఆకూవక్కల చిక్కం తీసి, అదీ తిరగేసి దులిపింది. రెండు వక్కలు నేల మీద పడి దొర్లాయి. చీపురు గోడకు ఆనించి, నావైపు చూడకుండా వెళ్ళిపోయింది. నేను కాలికి కట్టు ఉందని మరిచిపోయి లేవబోయి, నొప్పికి కేక పెట్టాను. నా కేకను కూడా ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాటి నుంచి మూడు రోజులు ముసురు పట్టింది. ఎండ పొడ లేదు. ఆ మూడు రోజులూ గుడ్లు గంపలో ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. "చూశావా, మనిషి రావటం మానేసిందో లేదో, గుడ్లు పోటం ఆగింది," అని నాయనమ్మ సుబ్బాయమ్మ పిన్నితో అంది. ఆవిడ దొంగ కాదని నాకు తెలుసు. అది ఎలా తెలుసో చెప్పడం మాత్రం తెలియదు. ఉడికించి పెట్టిన గుడ్డు పక్కకు నెట్టేసి ఏడిస్తే, కాలు నొప్పి కాబోలనుకున్నారు.

ఆ ముసురులోనే నా మంచం మీద కప్పు కారింది. నాయన మంచాన్ని వసారా రెండో చివరకు లాగాడు. అప్పటిదాకా సొర పందిరి అడ్డం రావడంతో కనపడని కట్టెల కొట్టం వెనక భాగం, దాని పక్కన పశువుల పాక కోసం తెప్పించి మిగిలిపోయిన నాపరాళ్ళ దొంతర, ఇప్పుడు నాకు సూటిగా కనిపించాయి.

నాలుగో రోజు ఎండ కాసింది. రాళ్ళ మీద ఆవిరి లేస్తోంది. పొద్దు నడినెత్తికి ఇంకా రాలేదు. ఎర్రపెట్ట గుడ్డు పెట్టి కేరింతలు కొడుతూ బయటికి పోయింది. కాసేపటికి దొంతర అడుగున చీకటి సందులోంచి ఒక తల బయటికొచ్చింది. తర్వాత మెడ, తర్వాత వంకర కాళ్ళు, చింతబెరడులాంటి ఒళ్ళు, ఇంకా ఇంకా వస్తూనే ఉన్న తోక. ఉడుము. రాయి మీద పొట్ట ఆనించి, కళ్ళు సగం మూసి, చలికాగినట్టు ఎండ కాగింది. ఒళ్ళు వేడెక్కాక మెల్లగా దిగి, రెండు పాయల నాలుక ఆడిస్తూ, తడిక కింద సందులోంచి కొట్టంలోకి దూరింది. తడిక చిల్లుల్లోంచి నాకు స్పష్టంగా కనపడింది. నోరు తెరిచి గుడ్డు పట్టుకుని, తల పైకెత్తి, పగలగొట్టకుండా అలాగే మింగింది. గొంతులో ఉబ్బు కిందికి జారడం కూడా చూశాను.

ఒక్కసారిగా అన్నీ అర్థమయ్యాయి. పెంకు ఎందుకు లేదో, ముసురులో గుడ్లు ఎందుకు మిగిలాయో. నేను "నాయనమ్మా" అని అరిచేసరికి అది రాళ్ళ కిందికి మాయమైంది. నాయనమ్మ వచ్చి చూస్తే ఖాళీ గంప, నిశ్శబ్దంగా ఉన్న రాళ్ళు.

"మరియమ్మ మీద పేమకొద్దీ చెప్తన్నావు. మంచంలో పడుకుని కలగన్నావులే," అంది.

సాయంత్రం చేలోంచి వచ్చిన నాయనకు చెప్పాను. ఆయన కాళ్ళు కడుక్కుంటూ విని, చెంబు కింద పెట్టి అడిగాడు: "చూశావా, అనుకున్నావా?"

"చూశా నాయనా. ఎండొస్తేనే వచ్చిద్ది. మబ్బేస్తే రాదు. రేపు నువ్వుండు. నువ్వూ నాయనమ్మా కదలకుండా కూచుంటే చాలు."

మిరప నారు పీకి కట్టలు కట్టి ఉంది, నాటకపోతే వాడిపోతుంది. నాయన ఆలోచించాడు. మర్నాడు కూలీల వెంట అమ్మను పంపి తను ఉండిపోయాడు. నాయనమ్మ ఆ రోజు ఆ మాట అన్నప్పుడు విన్నది కాబట్టి సుబ్బాయమ్మ పిన్నిని కూడా పిలవమని నేనే పట్టుబట్టాను. ముగ్గురూ నా మంచం పక్కన, ఇంట్లో ఎవరో పోయినప్పుడు కూర్చున్నట్టు, మాటల్లేకుండా కూర్చున్నారు. ఆకాశంలో తెల్లమబ్బు ఒకటి సూర్యుడి మీదికి వచ్చి అక్కడే ఆగిపోయింది. నాయన చేను వైపు చూశాడు. నాయనమ్మ పప్పులో రాళ్ళు ఏరుకోవాలని లేవబోయింది. ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. "ఇంకొంచెం సేపు, నాయనమ్మా."

మబ్బు కదిలింది. ఎండ రాళ్ళ మీదికి పాకింది. తల బయటికొచ్చింది.

సుబ్బాయమ్మ పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది. ఉడుము తీరిగ్గా ఎండ కాగింది, తీరిగ్గా దిగింది, కొట్టంలోకి దూరింది. గుడ్డు నోట్లో పెట్టుకుని తల ఎత్తింది. ఉబ్బు గొంతులోంచి కిందికి జారుతుంటే నేను దాన్ని చూడటం మానేసి నాయనమ్మ మొహం చూశాను. ఆవిడ ఉడుము మీంచి చూపు తిప్పడం లేదు. నేను గెలిచానని అరవాలనిపించింది, అరిచేశాను కూడా. ఉడుము పరిగెత్తిపోయింది.

"గడ్డపలుగు తెండి, తవ్వి తీద్దాం," అని సుబ్బాయమ్మ పిన్ని హడావుడి చేస్తుండగానే నాయనమ్మ లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి నడిచింది. నాయన నన్ను ఎత్తి భుజం మీద కూర్చోబెట్టుకున్నాడు. తెల్లటి కట్టు కాలు ఫిరంగిలా ముందుకు చాచి, ఆయన జుట్టు పట్టుకుని, నెల రోజుల్లో మొదటిసారి నేను ఊరు చూశాను. ఏమైందేమైందంటూ వాకిళ్ళలోంచి జనం మా వెనక కలిశారు. దారి పొడుగునా అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ఉడుము సంగతి నేనే చెప్పాను.

మరియమ్మత్త గుమ్మంలో బియ్యం చెరుగుతోంది. అంతమందిని చూసి లేచింది. నాయనమ్మ రొప్పుతూ అంది: "ఉడుము, మరియమ్మా. నా కళ్ళారా చూశా. నోరు జారా. రేప్పొద్దున నుంచి రా."

మరియమ్మత్త చేట కింద పెట్టింది. "నా కొంగు దులుపుకుంది మీ దొడ్లో, అమ్మగోరా. ఆ మాట కూడా ఆడే చెప్పండి."

నాయనమ్మ ఊళ్ళో ఒకరికి తల వంచిన మనిషి కాదు. పంచాయితీ పెద్దలు కూడా ఆవిడ నోటికి జంకేవాళ్ళు. నాయన భుజం నా కింద బిగుసుకోవడం తెలిసింది. నాయనమ్మ మా ఇంటి వైపు తిరిగి, "పద," అంది.

అందరం వెనక్కి వచ్చాం. మరియమ్మత్త ఆ రోజు నిలబడ్డ చోటే నిలబడింది. నాయనమ్మ ఆవిడ ఎదురుగా నిలబడి, గోడవతల వాళ్ళకు కూడా వినపడేట్టు చెప్పింది: "నువ్వు తియ్యలా. తీశావన్నది నేను. తప్పు నాది." మరియమ్మత్త కళ్ళు తుడుచుకుని, గోడకు ఆనించిన చీపురు వైపు కాకుండా నా వైపు నడిచొచ్చి, చెంప మీద చెయ్యి వేసి, "కనిపెట్టావే నా తల్లే!" అంది. అప్పటికి సుబ్బాయమ్మ పిన్ని నిజంగానే గడ్డపలుగు తెచ్చింది. మరియమ్మత్తే ఆపింది. "దాని పొట్ట కోసం అది తిన్నది. నాకు దొంగ పేరు పెట్టింది అది కాదుగా." ఆ మాటకు నాయనమ్మ తల దించుకుంది. నాయన గంపను తీసి కొట్టం దూలానికి ఉట్టిలా వేలాడదీశాడు. దసరాకు నా కట్టు విప్పేదాకా నేనూ ఉడుమూ రోజూ ఎదురెదురుగా ఎండ కాగాం.

ఇప్పుడా పెరడు లేదు. తమ్ముడు ఇల్లు వెనక్కి పెంచి అంతా గచ్చు చేయించాడు. సొర పందిరి లేదు, సాలెగూళ్ళు లేవు, చుట్టూ పత్తికీ మిరపకూ కొట్టే మందులకు తూనీగలు పలచబడిపోయాయి. ఉడుము ఎట్లా ఉంటుందో తమ్ముడి కూతురికి ఫోనులో చూపించాల్సి వచ్చింది. రోజంతా ఒక చోట కదలకుండా కూర్చుని చూసే తీరిక కూడా పోయింది. ఆ తీరికనైతే ఎవరూ వెతకడం లేదు.

కానీ పోయినవాటిలో ఒకదానికి మాత్రం నాకు బెంగ లేదు. మరియమ్మత్త టీ తాగే సత్తు గ్లాసు విడిగా, వసారా బయట గోడ గూట్లో బోర్లించి ఉండేది. ఆ మధ్యాహ్నం జనం వెళ్ళిపోయాక నాయనమ్మ టీ కాచి, మేం తాగే స్టీలు గ్లాసులో పోసి, తను కూర్చునే బల్ల మీద మరియమ్మత్తను కూర్చోబెట్టి చేతికిచ్చింది. ఇద్దరూ నా ఎదుటే, ఒకే బల్ల మీద, వేడి వేడిగా తాగారు. మర్నాటి నుంచి ఆ సత్తు గ్లాసు కోళ్ళకు నీళ్ళు పెట్టడానికి పనికొచ్చింది. తర్వాత అదేమైందో మా ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.