పచ్చబొట్టు కోసం అక్కతో సింగరాయకొండ

మా అక్క దీనమ్మకు చెప్పడమే గాని అడగడం అలవాటు లేదు. అలాంటి మనిషి ఈ ఏడు మిరపకోతలు సాగుతున్న రోజుల్లో, కళ్లంలో కాయలు తిరగేస్తూ తిరగేస్తూ ఆగి, "ఒరేయ్ ఏసోబూ, నన్ను సింగరాయకొండ తీసుకెళ్తావా?" అని అడిగింది. కొండ మీద దేవుడితో మాకు పని లేదు, మేము చర్చికి పోయేవాళ్లం. సంగతేమిటంటే, కోతకొచ్చిన ఒకామె ఫోన్లో వీడియో చూపించిందట. సింగరాయకొండలో ఒకమ్మాయి మిషను లేకుండా, పాతకాలం మాదిరి సూదులతో పచ్చబొట్టు పొడుస్తోందట. ఎనభై దగ్గరపడ్డ మనిషికి పచ్చబొట్టేంటని నేను పడీపడీ నవ్వాను. అక్క నవ్వలేదు.

ఎందుకు నవ్వలేదో నాకు తెలుసు. అక్కకు తొమ్మిదేళ్లప్పుడు పచ్చబొట్లు పొడిచే ఆడవాళ్లు మా పేటకు వచ్చారు. తన చేతికున్నదే కూతురికీ వేయమని మా అమ్మ చెప్పింది. వాళ్లు పుల్లతో మసి అద్ది అక్క చేతి మీద బొమ్మ గీశారు. సూది దించబోతుండగా సంఘం అయ్యగారు వచ్చి, ఒంటి మీద గుర్తులు వేసుకోకూడదని వాక్యంలో ఉందమ్మా అన్నారు. మేము కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్లం. అమ్మ కొంగుతో అక్క చెయ్యి తుడిచేసింది. అయ్యగారు మంచివాడే, మా అక్కకు నాలుగు అక్షరాలు వచ్చాయంటే ఆయన చలవే, ఆయన్ని నేనేమీ అనను. కానీ ఆ రోజుల్లో ఆడవాళ్లు ఒక మాట అనేవాళ్లు. మనిషిని మట్టిలో పెట్టేముందు బంగారం ఒలుచుకుంటారు, పచ్చబొట్టు మాత్రం ఎవడూ ఒలవలేడు, పైకి పోయాక దాన్ని చూసే మనవాళ్లు మనల్ని గుర్తుపడతారు అని. అక్క మనసులో అది ఉండిపోయింది. "అమ్మ నన్ను గుర్తుపట్టాలంటే నా దగ్గరేం లేదురా" అంది. బైబిల్లో అలా లేదే అన్నాను. "బైబిల్లో ఏముందో నీకేం తెలుసు, మూడో తరగతిలో గోడ దూకి పారిపోయొచ్చినోడివి" అంది. అది నిజమే. ఇదంతా కూడా నేను మాట్లాడుతుంటే ఫోనే అక్షరాలు చేసుకుంటోంది. తప్పులుంటే దానివి.

పొద్దున్నే ఏడింటికల్లా పొదిలి బస్టాండులో ఉన్నాం. ఒంగోలు బస్సులు అరగంటకొకటి దొరుకుతాయి. ఆడవాళ్లకు ఇప్పుడు టికెట్టు లేదు, ఆధారు కార్డు ఉంటే చాలు. అక్క కార్డు తీసి కండక్టరు ముఖానికి దగ్గరగా పెట్టి, "నాకు ఊరికే. వీడికి మాత్రం గట్టిగా కొట్టు" అంది. నా టికెట్టు ఎనభై రూపాయల దాకా అయింది. చీమకుర్తి దగ్గర రాళ్ల లారీల వెనక పడితే బస్సు నత్తలా నడుస్తుంది కాబట్టి గంటన్నర అనుకున్నది రెండు గంటలు వేసుకోండి. దారి పొడవునా కళ్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఎవరి కాయ తాలు, ఎవరిది మంచి రంగు అని అక్క కిటికీలోంచి తీర్పులు చెబుతూనే ఉంది. ఒంగోలులో దిగి ఇడ్లీ తిని కావలి బస్సెక్కితే ముప్పావు గంటలో సింగరాయకొండ. ఆ అమ్మాయి ఇల్లు ఊళ్లో కాదు, పాకల అనే ఊరి సముద్రానికి పోయే దారిలో. ఆటోవాడు నూటయాభై అన్నాడు, వందకు బేరం కుదిర్చాను. ఎక్కడికి, ఎందుకు అని అడిగాడు. అక్క దాచుకోకుండా చెప్పేసింది.

"ఈ వయసులో ఎవరి పేరు పొడిపించుకుంటావు మామ్మా?" అని అద్దంలో చూస్తూ నవ్వాడు.

"నీ పేరే. ఏం, నీకు పెళ్లయిందా?"

వాడు ఆటో రోడ్డు పక్కకు పోనిచ్చి సర్దుకున్నాడు. దిగేటప్పుడు వంద తీసుకోకుండా ఎనభయ్యే తీసుకున్నాడు.

ఆ అమ్మాయి పేరు ప్రవల్లిక. ముప్పై ఏళ్లు ఉంటాయేమో. చేతులకు ఒక్క బొమ్మ లేదు. నాకు అనుమానం వచ్చి, పొడిచేదానివి నీ ఒంటి మీద ఏదీ లేదేమమ్మా అని అడిగేశాను. ఆమె ఏమీ అనుకోకుండా మమ్మల్ని వరండాలో చాప మీద కూర్చోబెట్టి చెప్పింది. చదువుకోవడానికి న్యూజిలాండు వెళ్లిందట. అక్కడ సముద్రం మధ్య దీవుల వాళ్లు చాలామంది ఉంటారట. పాలినేషియా అంటారట ఆ దీవులన్నిటినీ కలిపి. వాళ్లలో ఒక పెద్దాయన, దువ్వెనలాంటి పళ్లున్న పనిముట్టు చర్మం మీద ఆనించి, చిన్న కర్రతో టకటకా కొడుతూ పొడుస్తాడట. చుట్టూ ఇంటిల్లిపాదీ కూర్చుని పాడతారట, తలా ఒక చోట చర్మం సాగదీసి పట్టుకుంటారట. ఈ అమ్మాయి కొన్నాళ్లు ఆయన దగ్గర ఆ పట్టుకునే పనే చేసింది. ఒకప్పుడు తెల్ల పాదిరీలు వచ్చి చాలా దీవుల్లో ఇది మాన్పించేశారు. తరాలు గడిచేసరికి అక్కడ పొడిచేవాళ్లూ లేరు, ఏ బొమ్మకు ఏ అర్థమో చెప్పేవాళ్లూ లేరు. ఒకటి రెండు దీవుల్లో మాత్రం మానలేదు. మానినవాళ్ల మనవలు ఆ మానని వాళ్ల దగ్గరికి పోయి మళ్లీ నేర్చుకున్నారట.

"నాకూ ఒకటి వేయమని అడిగాను తాతయ్యా. ఆయన వేయనన్నాడు. ఇవి మా తాతలవి, నీ చేతి మీద వీటికి చెప్పడానికి ఏముంటుంది, మీ అమ్మమ్మకు ఏముండేది అన్నాడు. నాకు తెలియలేదు. సిగ్గేసింది. వచ్చేశాక ఊరూరా తిరిగి ముసలమ్మల చేతులు చూస్తున్నాను. మా అమ్మమ్మది ఎలా ఉండేదో చెప్పేవాళ్లు ఇంకా దొరకలేదు. దొరికేదాకా ఇవి ఖాళీయే" అని చేతులు చూపించింది.

అక్క అంతా విని ఒక్కటే అడిగింది. "ఆ దీవుల వాళ్లు చర్చికి పోతారా?"

"ఎందుకు పోరు మామ్మా! ఒంటి నిండా బొమ్మలతోనే పోతారు. అందరికంటే గట్టిగా పాడేది వాళ్లే."

అక్క భుజాలు కిందికి దిగాయి. దారంతా ఆటోవాడితో, కండక్టరుతో వేళాకోళాలాడిన మనిషి లోపల వాక్యం తప్పుతున్నానన్న భయం పెట్టుకుని వచ్చిందని నాకు అప్పుడు తెలిసింది.

ప్రవల్లిక సామాను తీసింది. దారంతో కట్టిన కొత్త సూదులు, దీపం మసితో చేసిన నల్లటి రంగు. తొడుగులు వేసుకుని అక్క ముంజేతిని స్పిరిటుతో తుడవగానే అక్క "అబ్బా!" అని చెయ్యి లాక్కుంది. తుడిచిన చోటల్లా ఎర్రబడింది.

"మిరప కళ్లం నుంచి వచ్చారా?"

"ఇంకెక్కణ్ణుంచి వస్తాం? ఆకాశం నుంచా?" అన్నాను.

"ఆ ఘాటు చర్మం మీద ఉండగా సూది దించితే మంట లోపలికి పోతుంది తాతయ్యా. చేతులు వాచిపోతాయి."

పుట్టినప్పటి నుంచి మిరపలో పనిచేసేవాళ్లం, మాకు ఆ ఘాటు తెలియను కూడా తెలియదు. అక్క చేతులకు కొబ్బరినూనె పట్టించి, శనగపిండితో తోమి, మజ్జిగతో కడిగి, ఒక గంట ఆగాలంది. పచ్చబొట్ల వాళ్లు మా పేటకు ఎప్పుడూ కోతలన్నీ అయిపోయాకే ఎందుకు వచ్చేవాళ్లో డెబ్భై దాటాక ఆ వరండాలో నాకు అర్థమైంది.

ఆగిన ఆ గంటలోనే అసలు చిక్కు బయటపడింది. బొమ్మ ఎలా ఉండాలి అని అడిగింది ప్రవల్లిక. "మా అమ్మదే" అంది అక్క. అమ్మది ఎలా ఉండేది అంటే తన ముంజేతిని తిప్పి తిప్పి చూసుకుంది. అమ్మ ఫోటో ఒక్కటి లేదు. నాకు ఎనిమిదేళ్లప్పుడే అమ్మ పోయింది. "ఆ రోజు తుడిచేశాక నేను అమ్మ చెయ్యి చూడటం మానేశానే. అలక. ఆవిడ అన్నం పెడుతుంటే కూడా ముఖం తిప్పుకునేదాన్ని. నాకు గుర్తులేదే తల్లీ" అంది. ఇంత దూరం తీసుకొచ్చింది ఇందుకా అని నేను కసురుదామనుకున్నాను. అక్క కళ్లు చూసి ఊరుకున్నాను.

నేను అమ్మ చేతి మీద పడుకుని పెరిగినవాణ్ణి. చివరివాణ్ణి కదా, ఏడేళ్లొచ్చినా అమ్మ ఎడమ చెయ్యే నాకు తలగడ. పొద్దున మెలకువ రాగానే కంటికి ఆనుకుని కనిపించేది ఆ పచ్చబొట్టే. పలక మీద అక్షరాలు నాకు నిలవలేదు గాని, ఇది ఎక్కడికీ పోలేదు. ముగ్గు ఉందా అని అడిగాను. ప్రవల్లిక డబ్బా తెచ్చింది. వరండా గచ్చు మీద చుక్కలు పెట్టాను. పలక మూలల్లా నాలుగు చుక్కలు, నడుమ ఒకటి. దాని కింద అడ్డంగా రెండు గీతలు. గీతల కింద తేలు కొండి మాదిరి ఒక వంపు.

"మగాడు ముగ్గేస్తున్నాడు, వర్షమొస్తుంది" అంది అక్క, ముక్కు చీదుకుంటూ.

"ఉండవే." వంపు పక్కన, దేనికీ అంటకుండా, మోచేతి వైపు ఒక్క చుక్క పెట్టాను. "ఇది తప్పు చుక్క. పొడిచేటప్పుడు నొప్పికి అమ్మ చెయ్యి విదిల్చిందట, సూది ఇక్కడ పడిందట. దీని మీద నేను వేలు పెట్టి నొక్కేవాణ్ణి. ఇది పారిపోయిందిరా అనేది అమ్మ."

అక్క ముగ్గు దగ్గరికి జరిగి, చెరగకుండా గాల్లోనే గీతల వెంట వేలు నడిపించింది. "ఇదేరా. నా చేతి మీద గీసింది ఇదే. ఆ ఒక్కటీ లేదు" అంది.

అంతా కుదిరింది అనుకుంటే ప్రవల్లిక అక్క చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి చూసి తల అడ్డంగా ఊపింది. "ఉల్లిపొరలా ఉంది మామ్మా. ఇంత బొమ్మ పెడితే రక్తం ఆగదు, రంగు చెదిరిపోతుంది. నేను పొడవను." అక్క బతిమాలింది. మా అక్క బతిమాలడం నేను అదే చూడటం. నేను గొంతు పెంచాను, డబ్బు ఎక్కువ తీసుకో అన్నాను. ఆ పిల్ల కదల్లేదు. చెయ్యంతా వెతికి, మోచేతి దగ్గర కాస్త మందంగా ఉన్న చోటు చూపించి, ఇక్కడైతే ఒక్క చుక్క నిలుస్తుంది, అంతకంటే వద్దు అంది.

ఒక్క చుక్కతో ఏమవుతుంది అనుకున్నాను నేను. అక్క మాత్రం ముగ్గు వంక చూస్తూ వేలు పెట్టి చూపించింది. "అయితే ఇది పొడువు."

పారిపోయిన చుక్క.

"ఆ నాలుగు చుక్కలూ గీతలూ ఆ రోజుల్లో పేటలో ఆడవాళ్లందరికీ ఉండేవి. ఇది ఒక్క అమ్మకే ఉంది" అంది.

చర్మం సాగదీసి పట్టుకోవడానికి ఇంటి మనిషి ఉంటే మంచిది అంది ప్రవల్లిక, ఆ దీవుల పెద్దాయన నేర్పిన పద్ధతట. పట్టుకున్నాను. ఏదైనా పాడమంది. నాకు పాట రాదు, చర్చిలోనూ పెదాలే కదుపుతాను. "వాడి పాట కంటే సూదే నయం. ఏదైనా తిట్టరా, అది వచ్చుగా" అంది అక్క. సూది దిగుతుంటే తిట్టడం మొదలుపెట్టాను. అలకపాన్పుదానా, అమ్మ చెయ్యి చూడని మొద్దూ, డెబ్భై ఏళ్లు మోశావు ఇంత చిన్న దాని కోసం అని. మధ్యలో తిట్లు అయిపోతే మళ్లీ మొదటి నుంచి అందుకున్నాను. అక్క చెయ్యి మాత్రం ఒక్కసారి కూడా విదల్చలేదు.

ఆ అమ్మాయి పూటకు ఒక్క మనిషినే కూర్చోబెట్టుకుంటుంది, అందుకు పదిహేను వందలు తీసుకుంటుంది. ఫోను చేసి వెళ్లాలి. ఒక్క చుక్కే కదా, సగం ఇవ్వండి తాతయ్యా అంది. మా అమ్మ చుక్కకు సగం ధరేంటి అని మొత్తం చేతిలో పెట్టాను. మూడున్నరకు బయల్దేరితే చీకటి పడేవేళకు పొదిలి చేరాం. బస్సులో అక్క చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎవరూ తగలకుండా ఇంకో చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది. చీమకుర్తి దాటాక నిద్రపోయింది. ఆ అడ్డం పెట్టిన చెయ్యి జారితే నాది పెట్టాను.

ఇప్పుడు మా కళ్లంలో కాయలు ఏరుతున్నారు. పుండు మానేదాకా మిరప ముట్టుకోవద్దని ప్రవల్లిక చెప్పింది కాబట్టి, ఊహ తెలిశాక ఒక్క కోతా మానని మా అక్క మంచం వేసుకుని నీడలో కూర్చుని అందరి మీదా పెత్తనం చేస్తోంది. ఏరడానికి వచ్చిన ఆడవాళ్లు ఆ చుక్క చూసి, ఇంత దూరం పోయి ఇదేనా అని నవ్వుతున్నారు. అక్క కోప్పడటం లేదు, మా అమ్మది అంటోంది అంతే. నాకైతే ఒక్క దిగులు. నాకు తెలియకుండానే అమ్మ చెయ్యి ఇన్నేళ్లూ నా దగ్గర ఉంది, ఎవరూ అడగలేదు గనక నేనూ తీయలేదు. అక్క అడక్కపోతే అది నాతోనే మట్టిలోకి పోయేది. వచ్చే ముందు ప్రవల్లిక ఆ ముగ్గును ఫోటో తీసుకుంది. ఊడ్చేయమ్మా అంటే, ఈ పూటకు ఉండనివ్వండి తాతయ్యా అంది.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. మాలాగా కోతల్లో వెళ్లకండి. కళ్లం ఊడ్చి, కాయ యార్డుకు పోయి, చేతుల మంట చల్లారాక వెళ్లండి. ఆగలేనంటే మూడు నాలుగు రోజుల ముందు నుంచే మిరప మానేసి చేతులకు నూనె రాసుకోండి.