అత్త చెప్పిన యూనివర్సిటీ

మా మేనత్త పోయిందని పోయిన నెలలో నాన్న ఫోన్ చేసి చెప్పారు. ఆదివారం చర్చికి రాలేదేమిటా అని పక్కింటావిడ చూడబోతే, అత్త మంచం మీద నిద్రపోతున్నట్టే ఉందట. అప్పుడు నేను విశాఖలో, పని చేస్తున్న ఆడిటర్ గారి ఆఫీసులో ఉన్నాను. సెలవడిగితే "బాగా దగ్గరి బంధువా?" అన్నారు. మేనత్త అన్నాను. ఆ మాట చాలలేదనిపించింది.

ఆవిడ టెక్కలిలో ఇంటర్ పిల్లలకు కామర్స్ చెప్పేది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళను "నీకేటి తొందర?" అని పంపేసేది. ముక్కుసూటి మనిషి. పాస్టర్ గారింట్లో టీ ఇచ్చినా పంచదార ఎక్కువైతే మొహం మీదే చెప్పేది. అక్కుపల్లి దగ్గర జీడితోట చూసుకునే మా నాన్నకు చెల్లెలి మాటంటే మాటే.

నాకు ఇంటర్ అయ్యాక బి.కాం. ఎక్కడ చదవాలన్నది తేలలేదు. టెక్కలి కాలేజీ మా జిల్లా యూనివర్సిటీ కిందికి వస్తుంది, అత్త ఇంట్లో ఉండి చదువుకోవచ్చు. విశాఖ అయితే అక్కడి యూనివర్సిటీ, హాస్టలు. నాకు సీఏ చేయాలని ఉండేది కానీ పైకి అనే ధైర్యం లేదు. నాన్న మాత్రం తేల్చేశారు. "అత్త ఏది సెప్తే అది. మీ అత్త వద్దంటే సదువు ఆపీడమే."

అత్త ఏదీ చెప్పలేదు. నన్ను వెంటబెట్టుకుని ఒకరోజు జిల్లా యూనివర్సిటీకి, మరోరోజు విశాఖకి తీసుకెళ్ళింది. రెండుచోట్లా బిల్డింగుల వంక కన్నెత్తి చూడలేదు. నేరుగా పరీక్షల విభాగం కిటికీ దగ్గరకు నడిచి, అక్కడ నిలబడ్డ పిల్లలను పలకరించేది.

"ఏ ఊరమ్మా మీది? మార్కుల లిస్టు కోసం తిరగతన్నావా? మీకు కాస్టు అకౌంట్సు ఎవులు సెప్తన్నారు?"

విసుక్కునేవాళ్ళు, మెచ్చుకునేవాళ్ళు రెండుచోట్లా దొరికారు. "సీటిచ్చినప్పుడు అందరూ నవ్వుతారే పిల్లా. మార్కుల లిస్టు ఇచ్చినప్పుడు సూడాలి మొకాలు," అంది నాతో. విశాఖలో సీఏ పుస్తకాలు మోసుకుపోతున్న ఒకమ్మాయి కనిపించింది. పొద్దున కాలేజీ, సాయంత్రం సీఏ క్లాసులట. ఆ అమ్మాయిని నేను వదిలిపెట్టకుండా ప్రశ్నలు వేస్తుంటే, అత్త దూరంగా అరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు వలుచుకుంది.

తిరుగు ప్రయాణంలో బస్సులో అడిగాను, నువ్వేమంటావని.

"నాను సెప్పకూడదే. నాకిందులో సొంత లాభముంది," అంది. ఏమిటో ఎంతడిగినా చెప్పలేదు. టెక్కలి వస్తుండగా లేచి నిలబడి, "మీ నాన్న అడిగితే అత్త సెప్పినాదని సెప్పు. నువ్వేది సెప్తే అదే నాను సెప్పినట్టు," అని దిగిపోయింది. నేను దిగాల్సిన పలాస దాకా కిటికీ కడ్డీ పట్టుకుని కూర్చున్నాను.

బస్టాండులో నాన్న ఎదురొచ్చారు. "ఏటంది అత్త?"

"విశాఖ అంది."

ఆయన అక్కడే ఫోన్ తీసి, స్పీకర్ పెట్టారు. "అమ్మీ, విశాఖ అన్నావంట? హాస్టల్లో ఒక్కర్తీ ఉండగలదేటి?"

అవతల గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత, "నానే సెప్పినాను అన్నయ్యా. పంపు," అంది.

నా చదువు గురించి ఆవిడ ఆ తర్వాత ఎప్పుడూ గొప్ప చెప్పుకోలేదు. సెలవుల్లో వెళితే ఎండుచేపల పులుసు వండి, "అకౌంట్సులో కన్సాలిడేషన్ అర్థమైనాదా?" అని అడిగేది. అర్థం కాలేదంటే తినడం అయ్యేదాకా ఆగి, చెయ్యి కడుక్కుని చెప్పేది. ఈ రోజు నేను చేస్తున్న పని ఆవిడ పెట్టిన భిక్షే. అది ఆవిడతో ఒక్కసారీ అనలేదు. అంటే "ఊరుకోయే" అని ఉండేది.

భూస్థాపన రోజు వాకిట్లో జనం. లోపలి గదిలోంచి ఎవరో ఒక కొత్త బల్లను మోసుకొచ్చి, దాని మీద మంచినీళ్ళ డ్రమ్ము, గ్లాసులు పెట్టారు. ఆ బల్ల నేనెప్పుడూ చూడలేదు. సెలవులకు వెళ్ళినప్పుడల్లా ఆ గదికి తాళం ఉండేది. సామాన్లేమో అనుకునేదాన్ని.

"నువ్వు సదువుకోడానికే సేయించినాదమ్మా, నీ ఇంటరు పరీక్షలవుతుండగా," అంది పక్కింటావిడ. "మా మేనకోడలు ఇక్కడే ఉండి సదువుతాదని ఈదిలో అందరికీ సెప్పుకున్నాది. తర్వాత ఎవుల్నీ ముట్టనిచ్చీది కాదు."

నాన్న నా పక్కనే ఉన్నారు. జనం వస్తున్నారు, నీళ్ళు తాగి గ్లాసు పెట్టి వెళ్తున్నారు. బల్ల కాళ్ళకు వడ్రంగి చుట్టిన కాగితం అలాగే ఉంది. పైనుంచి కారిన నీళ్ళకు అది మెల్లగా తడుస్తోంది.