మా ఆవిడకు జ్వరమని చెప్పాను

రిసెప్షన్‌లో అమ్మాయి నా మణికట్టుకు నీలం పట్టీ కట్టింది. ఆ వారమంతా ఏం తిన్నా, ఏం తాగినా అది చూపిస్తే చాలు. అలాంటిదే ఇంకొకటి చేత్తో పట్టుకుని నా వెనక్కి చూసింది. బుకింగ్ ఇద్దరి పేర్ల మీద ఉంది.

"మేడం ఎక్కడ?" అని అడిగింది.

మా ఆవిడ చనిపోయి అప్పటికి ఐదు నెలలు.

"వెనక వస్తోంది," అన్నాను.

విమానాశ్రయం నుంచి వచ్చిన బస్సులోంచి ఇంకా ముప్పైమంది దిగుతున్నారు. ఆ అమ్మాయికి నా నిజాయితీని పరీక్షించే తీరిక లేదు. రెండో పాస్‌పోర్టు రేపు చూపించినా ఫర్వాలేదని, రెండో పట్టీ నా చేతిలో పెట్టింది. చొక్కా జేబులో వేసుకుని, రెండు పెట్టెలున్నవాడిలా హడావిడిగా నడిచాను. నాకున్నది ఒక్కటే పెట్టె. దాంట్లో సగం పుస్తకాలు.

ఈ ప్రయాణం పోయిన వేసవిలో ఆవిడ బుక్ చేసింది. నేను పన్నెండేళ్లుగా వద్దంటూనే ఉన్నాను. ఇసుకలో కూర్చుని చెమట పట్టించుకోవడానికి నాలుగు గంటలు ఎగిరి వెళ్లడం దేనికని నా వాదన. ఆవిడ వాదించలేదు. పిల్లలూ, పాటల హోరూ లేని రిసార్ట్ కోసం నెల రోజులు వెతికింది. "మీరు మీ పుస్తకాలు చదువుకోండి. నేను సముద్రం చూసుకుంటాను," అంది. సెప్టెంబర్‌లో ఆసుపత్రిలో చేరిన రెండో రోజే పోయింది.

రద్దు చేసుకునే పేజీలో కారణం ఎంచుకోమని చిన్న జాబితా ఉంది. అనారోగ్యం, ఉద్యోగం, ఇంకేవో. చివరిది ప్రయాణికుల మరణం. మూడుసార్లు ఆ వరుస దాకా వెళ్లి ల్యాప్‌టాప్ మూసేశాను. నార్త్ యార్క్‌లో ఉండే మా అమ్మాయికి మాత్రం బుకింగ్ నా ఒక్కడి పేరుకు మార్పించానని చెప్పాను.

చనిపోయింది అన్న మాట ఆ ఐదు నెలల్లో నేను ఎవరితోనూ అనలేదు. అందరికీ ఫోన్లు చేసింది అమ్మాయే. ఆఫీసుకు రాసిన మెయిల్లో 'కుటుంబ కారణాలు' అని రాశాను. మా ఇంట్లో నాలుగు బీరువాల పుస్తకాలున్నాయి, వాటిలో చావు గురించి చదివింది తక్కువేమీ కాదు. మా ఊరు కిచెనర్‌లో తెలిసినవాళ్లకు కష్టం వస్తే ఓదార్పు ఉత్తరాలు రాసేది నేనే. బాగా రాస్తానని పేరు కూడా ఉంది.

గదిలో మంచం మీద తువ్వాళ్లతో చేసిన రెండు హంసలు ముక్కులు ఆనించుకుని కూర్చున్నాయి. ఇలాంటి అలంకారాలంటే నాకు చిరాకు. వాటిని విడదీసి ఒళ్లు తుడుచుకున్నాను. మర్నాడు పొద్దున గది శుభ్రం చేసే ఆవిడ తలుపు తట్టి, లోపలికి తొంగి చూసి, "సెన్యోరా?" అంది, మేడం ఏరీ అన్నట్టు. స్నానాల గది తలుపు మూసి ఉంది. "లోపల ఉంది. జ్వరం," అన్నాను. ఆవిడ జాలిపడి నాలుగు నీళ్ల సీసాలూ, కోసిన నిమ్మకాయలూ పెట్టి వెళ్లింది. సాయంత్రానికి భోజనాల హాల్లో వడ్డించే అతనికీ ఈ కబురు చేరింది. అతను ప్రతి పూటా మూతపెట్టిన ప్లేటొకటి నాకిచ్చి పంపేవాడు. పారేస్తే గది శుభ్రం చేసే ఆవిడకు తెలిసిపోతుంది కనుక రెండు ప్లేట్లూ నేనే తినేవాణ్ణి. దుఃఖంలో మనిషి చిక్కిపోతాడని చదివాను. నా ప్యాంటు బొత్తాం పట్టడం మానేసింది.

ఇది ఇలాగే గడిచిపోయేదేమో. నన్ను కందిపొడి పట్టించింది.

మూడో రోజు ఉదయం ఆమ్లెట్ మీద చల్లుకుందామని జేబులోంచి చిన్న డబ్బా తీశాను. వెనక టేబుల్ నుంచి తెలుగు వినబడింది.

"అది కందిపొడే. నేను చెప్పలా? ఇంగువ వాసన వచ్చింది."

"మెల్లగా అనవే, వింటారు," అంది మగ గొంతు.

"వినాలనేగా అంటున్నా."

డెబ్బై దాటిన దంపతులు. ఆవిడ కుర్చీ జరుపుకుని నా టేబుల్ దగ్గరికే వచ్చేసింది. మా ఊరికి గంట దూరంలో ఓక్‌విల్‌లో ఉంటారు. ఆయన అక్కడి కార్ల ప్లాంట్‌లో చేసి రిటైర్ అయ్యారు. "పిల్లలు టికెట్లు కొనిచ్చి, వెళ్లి రెస్ట్ తీసుకోండమ్మా అన్నారు. ఇక్కడ రెస్ట్ తప్ప ఇంకేం లేదు బాబూ. పిచ్చెక్కుతోంది. మీరెక్కడ? ఒక్కరే వచ్చారా?"

స్పానిష్ మాట్లాడే వాళ్లతో అబద్ధం ఒకటి, తెలుగావిడతో అబద్ధం ఇంకొకటి. అయితే నిజం అంతకంటే ఇబ్బంది. భార్య పోయి ఏడాది తిరగకుండా మనవాళ్లు పెళ్లిళ్లకు కూడా వెళ్లరు. నేను పూల చొక్కా వేసుకుని సముద్రం ఒడ్డున ఆమ్లెట్ తింటున్నాను. ఆ చొక్కా కూడా మా ఆవిడే కొన్నది. ఆ సంగతి చొక్కా చెప్పదు.

నేను నోరు తెరిచే లోపల వడ్డించే అతను మూతపెట్టిన ప్లేటు తెచ్చాడు. "మీ సెన్యోరాకి సూప్. జ్వరం తగ్గిందా?"

"అయ్యో, జ్వరమా!" అంది ఆంటీ. యాభై ఏడేళ్ల వాణ్ణి, ఆవిణ్ణి అప్పటికే ఆంటీ అనేశాను. "ముందే చెప్పొద్దూ? ఈ సూప్ తాగిస్తున్నారా? ఇది తాగితే జ్వరం లేనివాళ్లకి కూడా వస్తుంది."

అంకుల్ నా వైపు జాలిగా చూశారు. "ఇక మీకు చారు తప్పదండీ," అన్నారు.

వాళ్ల పెట్టెలో చిన్న రైస్ కుక్కర్ ఉంది, మిరియాల పొడీ చింతపండు గుజ్జూ ఉన్నాయి. సలాడ్ బల్ల దగ్గర నాలుగు టమాటాలు టోపీలో వేసుకుని రావడం అంకుల్ పని. అన్నీ కావలసినంత పెట్టే చోట ఆ పెద్దమనిషి టమాటాలు దొంగిలించాడు, లేని మనిషి జ్వరం కోసం. మధ్యాహ్నానికి ఆంటీ ఫ్లాస్కుతో మా గది ముందు నిలబడింది.

"నిద్రపోతోంది," అన్నాను, తలుపు సందులోంచి.

ఆవిడ వెంటనే గొంతు తగ్గించింది. "లేపకండి. లేచాక వేడిగా తాగించండి. ఒళ్లు కాలుతోందా?"

"లేదు. కాస్త... చల్లబడింది."

తలుపు మూసి ఫ్లాస్కంతా నేనే తాగాను, నిలబడి, మూతతోనే. ఐదు నెలల్లో ఇంకొకరి చేతి చారు అదే. కడిగి తిరిగి ఇవ్వడానికి వెళ్లాను.

"తాగిందా? ఎలా ఉందంది?"

బాగుందంది అంటే సరిపోయేది. "పులుపు కాస్త ఎక్కువైందంది," అన్నాను.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు వెంటనే తెలిసింది. మా ఆవిడ ఎవరింట్లో చారు తాగినా కారెక్కగానే అనే మాట అది. ఆంటీ ఏమీ అనుకోలేదు. "జ్వరం నోరు కదా. రేపు తగ్గించి పెడతాను," అంది.

మర్నాడు తగ్గించింది. నేను వెళ్లి, ఇప్పుడు సరిపోయిందంది అని చెప్పాను. అంతటితో ఆగానా? మా ఆవిడకు ఏసీ పడదని చెప్పాను. మొక్కలకు కప్పుతో కొలిచి నీళ్లు పోస్తుందని చెప్పాను. నేను తెచ్చిన లావు పుస్తకాలు చూసి, వాన వస్తే నెత్తిన పెట్టుకోవడానికా అందని చెప్పాను. ఆంటీ పడీ పడీ నవ్వింది. "మీ ఆవిడ నాకు నచ్చింది. లేవనివ్వండి, ఇద్దరం కూర్చుని మీ సంగతి చూస్తాం," అంది. ఆ లావు పుస్తకాల్లో నేను అప్పటికి పదకొండు పేజీలు చదివాను. ఆంటీ గది చుట్టూ మాత్రం రోజుకు మూడుసార్లు తిరుగుతున్నాను. మా ఆవిడ ఏం తిన్నదని అడిగే మనిషి భూమ్మీద ఆంటీ ఒక్కతే. నేను ఒక్క వాక్యం చెబితే ఆవిడా అడగడం మానేస్తుంది. ఆ రెండు రోజులూ నేను అబద్ధం దాస్తున్నానా, భార్యను దాస్తున్నానా అంటే నాకే తెలియదు.

ఐదో రోజు మధ్యాహ్నం తలుపు గట్టిగా తట్టిన చప్పుడు.

"నాలుగు రోజుల జ్వరం జ్వరం కాదు. డెంగీ అయితే? రిసెప్షన్‌లో చెప్పి డాక్టర్‌ని పిలిపించా, వస్తున్నాడు. మీరు జరగండి, ఆడమనిషిని, నేను చూస్తా."

"ఆంటీ, వద్దు."

"ఏం వద్దు? మీ మగాళ్లింతే. మీదాకా వస్తే తుమ్ముకి కూడా మంచమెక్కుతారు." నన్ను పక్కకు తోసి లోపలికి వచ్చేసింది.

మంచం మీద ఒక వైపు దుప్పటి నలగలేదు. గదిలో ఒక్క జత చెప్పులు, ఒక్క పెట్టె ఉన్నాయి. బల్ల మీద కట్టని నీలం పట్టీ ఉంది. ఆవిడ స్నానాల గది తలుపు కూడా తీసి చూసి, నా వైపు తిరిగింది.

"ఏరీ?"

"ఆంటీ, మా ఆవిడ చనిపోయింది."

ఆవిడ గోడ పట్టుకుంది. "ఎప్పుడు? ఇవాళా?"

"సెప్టెంబర్‌లో."

ఆవిడ ముఖంలో భయం పోయి, ఏదో లెక్క తేలనట్టు కనుబొమలు ముడిపడ్డాయి.

"మరి నా చారు పులుపెక్కువైందని ఎవరన్నారు?"

"నేనే."

"మీకు పులుపెక్కువైందా?"

"లేదండీ. నాకు పులుపే ఇష్టం. ఆవిడుంటే అలా అనేది."

ఆంటీ నలగని వైపు కూర్చోబోయి ఆగి, కుర్చీ లాక్కుని కూర్చుంది. తిడుతుందనుకున్నాను. "ఎలా జరిగింది బాబూ?" అని అడిగింది. మొదటి నుంచి చెప్పాను. ఓదార్పు ఉత్తరాల్లో నేను వాడే మంచి మాటల్లో ఒక్కటీ పనికి రాలేదు. గుండె నొప్పి అంది, అంబులెన్స్ వచ్చింది, రెండో రోజు పొద్దున పోయింది. అంతే ఉంది చెప్పడానికి. ఐదు నెలలు మోసినంత పెద్దదేం కాదు.

అంతలో డాక్టర్ వచ్చాడు. రోగి ఎవరని అడిగాడు. ఆంటీ నా వైపు వేలు చూపించింది. వచ్చినందుకు నా బీపీ చూశాడు. ఎక్కువుందట. తిండి తగ్గించమన్నాడు. "రెండు ప్లేట్లు తింటున్నాడు, ఇక తగ్గిస్తాడు," అంది ఆంటీ తెలుగులోనే, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

రిసెప్షన్‌కు నేనే వెళ్లి రెండో పట్టీ ఇచ్చేశాను. ఆ వాక్యం రెండోసారి కొంచెం తేలిగ్గా వచ్చింది. హాల్లో వడ్డించే అతనికి మూడోసారి చెప్పాను. అతను చేతిలో ఉన్న మూతప్లేటు కింద పెట్టి నా భుజం మీద చెయ్యి వేశాడు. రాత్రి మా అమ్మాయికి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. "ఓ గాడ్, నాన్నా," అంది. తర్వాత, "వాజ్ ద చారు గుడ్?" అంది.

మర్నాడు మంచం మీద హంస ఒక్కటే ఉంది. గది శుభ్రం చేసే ఆవిడకూ తెలిసిందన్నమాట. ఆ తువ్వాలుతో ఒళ్లు తుడుచుకోలేకపోయాను. తువ్వాలు పక్షిని చూసి ఏడ్చినవాణ్ణి ఆ రిసార్ట్‌లో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

బయల్దేరే రోజు పొద్దున ఆంటీ ఫ్లాస్కు పట్టుకొచ్చింది. వెనక అంకుల్ ఖాళీ టోపీతో నిలబడ్డారు.

"మొదటి రోజులాగే పెట్టా. ఇవాళ ఎలా ఉందో మీ నోటితో మీరు చెప్పండి."

మూతలో పోసుకుని తాగాను. పులుపు నాలిక్కి తగిలింది. ముప్పై ఏళ్లు మా ఇంట్లో నాకు దొరకని పులుపు.

"బాగుందండీ," అన్నాను. "మా ఆవిడుంటే మాత్రం పులుపెక్కువ అనేది."

"అంటే అననివ్వండి," అంది ఆంటీ. "చల్లారిపోతోంది, తాగండి."