ఉప్పల్ హోటల్లో మూల టేబుల్

మా చిన్నప్పుడు ఆదివారం సాయంత్రం హోటల్‌కు వెళ్తే నాకో ఉద్యోగం ఉండేది... కుర్చీ కాయడం.

ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బిర్యానీ హోటల్ అది. ఖాళీ టేబుల్ అన్న మాటే ఉండదు. తినేవాళ్ల కుర్చీ వెనక వెళ్లి నిలబడాలి. వాళ్లు లేవగానే మనం కూర్చోవాలి. మనం తింటుంటే మన వెనక ఇంకొకరు. దాన్ని ఎవరూ తప్పనుకునేవారు కాదు... అందరూ అట్లాగే తినేవారు.

తమ్ముణ్ణి ఎత్తుకొని నాన్న, సంచితో అమ్మ గుమ్మం దగ్గర ఆగితే, నేను లోపలికి దూరేదాన్ని. తొమ్మిదేళ్లు నాకు. కానీ ఆ విద్యలో నన్ను మించినవాళ్లు లేరు! నిమ్మచెక్క వేసిన వేడినీళ్ల గిన్నె వచ్చిందంటే ఇంక రెండు నిమిషాలే. సోంపు నములుతున్నారంటే లేచినట్టే. కూల్‌డ్రింక్ తెప్పించుకుంటే ఆలస్యం. భోజనం చివర తీపికని మీఠా తెప్పించుకున్నారా... అసలు అటు చూడకూడదు. వాళ్లు లేవగానే, బస్సు కిటికీలోంచి సీటు ఆపినట్టు రుమాలు విసిరేదాన్ని. నాన్న మురిసిపోయేవాడు.

మాకు వేరే చోట్లు లేక కాదు. నాచారంలో మా సందు చివర దోసె బండి, చిల్కానగర్ బేకరీలో దిల్‌పసంద్, హబ్సిగూడ వైపు వెళ్తే కోన్ ఐస్‌క్రీమ్... అన్నీ నిలబడి తినేవే. అమ్మది నాచారంలో మందుల ప్యాకింగ్ పని. పొద్దంతా నిలబడాలి. అందుకే కూర్చొని తినే ఆ హోటలంటే ఆమెకు ప్రాణం.

కానీ కూర్చున్నదెప్పుడు? మా అందరికీ వడ్డించి, తమ్ముడికి తినిపించి, తను మొదలుపెట్టేసరికి వెనకవాళ్లు కాళ్లు మార్చుకుంటూ ఉండేవారు. ఖుబానీ కా మీఠా తెప్పించనా అని నాన్న అడిగితే, ఒకసారి వెనక్కి చూసి వద్దులే అనేది. చూపు మాత్రం పక్క టేబుల్ మీది గిన్నె మీదే... ఎర్రగా ఉడికిన ఖుబానీ పళ్లు, పైన మీగడ. ఒక్కసారైనా నిమ్మళంగా కూర్చొని అది తినాలని ఇంట్లో కూర తరుగుతూ అనేది. ఎట్లాగైనా తినిపించాలని నాకు పట్టుదల వచ్చేసింది.

ఆ హోటల్లో ఒక మూల టేబుల్ ఉంది. ఒకవైపు కుర్చీల వెనక గోడ. అక్కడ కూర్చున్నవాళ్ల వెనక ఎవరూ నిలబడలేరు. ఆ ఆదివారం నేను తిన్నగా దాని దగ్గరికే వెళ్లాను.

అక్కడ ఒకావిడ, ఐదారేళ్ల పాప. ఇద్దరే. పాపకు కొత్త గులాబీ గౌను, టేబుల్ మీద చాక్లెట్ల ప్యాకెట్... పుట్టినరోజని తెలుస్తూనే ఉంది. ఇద్దరికీ కలిపి ఒక్క గిన్నె ఖుబానీ కా మీఠా. పాప చెంచా కొసతో కొంచెం కొంచెం తీసుకొని చప్పరిస్తోంది. తల్లి ఇంకా రుచి కూడా చూడలేదు.

మీఠా తినేవాళ్ల దగ్గరికి పోకూడదన్నది నా నియమమే. కానీ ఆ రోజు ఆగలేకపోయాను. గోడవైపు వెళ్లే దారి లేక, ఇవతలివైపున్న పాప కుర్చీని ఆనుకొని నిలబడ్డాను. ఒక చెయ్యి కుర్చీ మీద వేశాను. వేళ్లతో టకటకమని కొట్టడం మొదలుపెట్టాను...

ఆవిడ తలెత్తి నన్ను చూసింది.

"లే బిడ్డా, అక్క నిలబడ్డది" అంది.

పాప గిన్నె వైపు చూసింది. ఏడవలేదు. చెంచా గిన్నెలోనే పెట్టి దిగిపోయింది. నేను రుమాలు విసిరి, అమ్మా అని గట్టిగా కేకేశాను. వాళ్లిద్దరూ బస్టాపు వైపు వెళ్లిపోయారు.

అమ్మ వచ్చి గోడవైపు కుర్చీలో కూర్చుంది. సగం గిన్నెను, అందులోని చెంచాను చూసింది. ఎవరు కూర్చున్నారని అడిగింది. నేను గొప్పగా అంతా చెప్పాను. నేనేమీ అనలేదు, ఉత్తగా నిలబడ్డానంతే అని కూడా చెప్పాను.

"ఎనక నిలబడుడంటే లెవ్వమనుడే గద బిడ్డా" అంది అమ్మ.

అంతే. కొట్టలేదు, తిట్టలేదు. లేచి ఒక మీఠా పార్శిల్ కట్టించింది. అది కట్టేదాకా కౌంటర్ దగ్గర ఒక్కచోట నిలవలేదు. నన్ను రెక్క పట్టుకొని బస్టాపుకు పరుగు తీసింది. ఘట్‌కేసర్ బస్సు అప్పుడే కదులుతోంది. కిటికీలో గులాబీ గౌను... అమ్మ పార్శిల్ పైకెత్తి ఊపింది. బస్సు ఆగలేదు.

మేం తిరిగొచ్చేసరికి మూల టేబుల్ దగ్గర ఇంకెవరో తింటున్నారు. నాన్న, తమ్ముడు బయట నిలబడి ఉన్నారు. ఇంటికెళ్లి పచ్చిపులుసు అన్నం తిన్నాం. పార్శిల్ అంతా తమ్ముడే లాగించాడు. అమ్మ ముట్టలేదు. నేనూ ముట్టలేదు. ఆ తర్వాత కుర్చీ కాయడానికి నేను ఎప్పుడూ వెళ్లలేదు.

ఇప్పుడు ఆ హోటల్ లేదు. ఉప్పల్‌లో ఎక్కడికి వెళ్లినా ఫోన్ నంబర్ రాసుకుంటారు, టేబుల్ ఖాళీ అయ్యాక మెసేజ్ వస్తుంది. మొన్న అమ్మను తీసుకెళ్తే ఖుబానీ కా మీఠా తనే అడిగి తెప్పించుకొని, అరగంట కూర్చొని తింది. నాకే కుదురు లేదు... ఐదు నిమిషాల్లో మింగేసి, వెనక్కి వెనక్కి చూస్తూనే ఉన్నాను.

మీరెవరి కుర్చీ వెనకైనా అట్లా నిలబడ్డారా? మిమ్మల్ని ఎవరైనా లేపారా? రాయండి...

ముఖ్యంగా ఆ పాప. ఇప్పుడు ముప్పై దాటి ఉంటాయి నీకు. ఇది నీ కంట పడితే ఒక్క మాట చెప్పమ్మా. మీ అమ్మను తీసుకొని రా. ఇద్దరికీ చెరొక గిన్నె తెప్పిస్తాను. ఎంతసేపైనా తినండి. ఈసారి కూడా నీ వెనకే నిలబడతాను... ఇంకెవరూ వచ్చి నిలబడకుండా.